తాళాలు చేసే చదువు మన పిల్లలకెందుకు వద్దు?

మా అక్క కూతురు ఇంటర్ ఎంపీసీ పాసయింది. వెయ్యికి తొమ్మిదివందల పైన మార్కులొచ్చాయి. ఫలితాలొచ్చిన నాలుగోరోజుకే గూడెంలో మోటారుసైకిలు ఆగింది. ఒక ప్రైవేటు ఇంజనీరింగు కాలేజీకి సీట్లు నింపిపెట్టే మనిషి దిగాడు. చేతిలో రంగురంగుల కాగితం. "సైబర్ సెక్యూరిటీ బ్రాంచి అమ్మా, ఇప్పుడంతా అదే. ఫీజు గవర్నమెంటే కడుతుంది. ఒరిజినల్ సర్టిఫికెట్లు ఈరోజే ఇచ్చెయ్యండి, సీటు ఆపి పెడతాం" అన్నాడు. మర్నాడు హైదరాబాదు నుంచి పక్కింటి కుర్రాడొచ్చాడు. "డిగ్రీలెందుకు? అమీర్‌పేటలో మూడు నెలల హ్యాకింగు కోర్సు చేస్తే చాలు" అన్నాడు.

పిల్ల ఇద్దరి మాటా విని నా దగ్గరికొచ్చింది. "మావయ్యా, ఫోన్లో డబ్బులు పంపితే మధ్యలో ఎవడూ కొట్టెయ్యకుండా తాళం వేస్తారంట గదా. ఆ తాళం వాడే చదువు కాదు, తాళం చేసే చదువు ఏది?" అని అడిగింది.

ఇరవై ఎనిమిదేళ్లు జిల్లా పరిషత్ హైస్కూల్లో లెక్కలు చెప్పి రిటైరయినవాణ్ణి. ఆ ప్రశ్నకి నా దగ్గర వెంటనే జవాబు లేదు. తెలిసినవాళ్లని అడిగాను, పుస్తకాలు తిరగేశాను. తెలిసింది ఇక్కడ రాస్తున్నాను. ఎందుకంటే ఆ మోటారుసైకిలు మా ఒక్క గూడెంలోనే ఆగలేదు. మీ పల్లెలోనూ ఆగే వుంటుంది.

ముందు ఒక పాత సంగతి చెప్పాలి. 1984లో నేను ఇంటర్‌లో చేరబోతే అడ్మిషన్లు చూసే లెక్చరరు నా కులం కాగితం చూసి "మీకు లెక్కలెందుకురా? హెచ్‌ఈసీ తీసుకో. స్కాలర్‌షిప్పు ఎట్లాగూ వస్తుంది" అన్నాడు. మా నాయన సాయంత్రం దాకా ఆఫీసు గుమ్మంలో నిలబడ్డాడు. ఏమీ అడగలేదు, పోట్లాడలేదు, నిలబడ్డాడంతే. చివరికి విసుక్కుని ఎంపీసీ రాశారు. మొదటిసారి తప్పాను, రెండోసారి పాసయ్యాను. నాతోపాటు ఆరోజు ఆ గుమ్మంలో వున్న మిగతా మనోళ్లు హెచ్‌ఈసీలోకి వెళ్లారు. వాళ్లు తెలివితక్కువోళ్లు కాదు. వాళ్ల నాయనలకి ఆరోజు కూలి పోగొట్టుకునే స్తోమత లేదు.

బాబాసాహెబ్ ఎల్ఫిన్‌స్టన్ హైస్కూల్లో సంస్కృతం చదువుతానంటే నేర్పమన్నారు. పర్షియన్ తీసుకోవాల్సి వచ్చింది. ఆనాడు సంస్కృతం, నా రోజుల్లో లెక్కలు. ఇవాళ ఎవడూ మొహం మీద వద్దనడు. రంగుల కాగితం చేతిలో పెట్టి పక్కదారి పట్టిస్తాడు.

ఇంతకీ క్రిప్టోగ్రఫీ అంటే ఏంది?

రహస్యంగా రాసే విద్య అనుకుంటారు. సగమే నిజం. పంపింది నువ్వేనా, మధ్యలో ఎవడైనా మార్చాడా, రేపు నేను పంపలేదని బుకాయిస్తావా, ఇవన్నీ తేల్చే విద్య కూడా అదే. బ్యాంకు లావాదేవీ, ఫోన్లో మాట, డిజిటల్ సంతకం, రేషన్ డిపోలో మిషను నుంచి సర్వరుకి పోయే సమాచారం, అన్నిటి వెనకా అది వుంది. వేలిముద్ర పడక వెనక్కి తిరిగిపోయే మన ముసలమ్మ సంగతి వేరు. అరిగిపోయిన వేళ్లని గుర్తుపట్టలేకపోవడం తాళం లోపం కాదు, తాళం ఎక్కడ ఎట్లా పెట్టాలో నిర్ణయించినవాళ్ల లోపం. రాళ్లు కొట్టిన చేతులకి గీతలుండవని తెలిసినోడు ఆ గదిలో ఒక్కడు కూచుని వుంటే, అడగాల్సిన ప్రశ్న ముందే అడిగేవాడు.

ఇందులో మంత్రం లేదని చూపించడానికి మా పిల్లకి చెప్పిన లెక్కే ఇక్కడ చెప్తాను. నడివీధిలో రచ్చబండ. దానికి ఈ పక్క అక్క, ఆ పక్క తమ్ముడు. బండ మీద పెత్తందారు కూచుని ప్రతిమాటా వింటున్నాడు. అతను వింటుండగానే ఇద్దరికీ ఒక రహస్య అంకె కుదరాలి. సాధ్యమా?

ఇద్దరూ పైకే అనుకున్నారు: "మన అంకెలు 2, 11." అక్క మనసులో 3 అనుకుంది. 2ని మూడుసార్లు వేసి గుణిస్తే 8. దాన్ని 11తో భాగిస్తే శేషం 8. "ఎనిమిది" అని కేకేసింది. తమ్ముడు మనసులో 4 అనుకున్నాడు. 2ని నాలుగుసార్లు వేసి గుణిస్తే 16. 11తో భాగిస్తే శేషం 5. "అయిదు" అని కేకేశాడు. ఇప్పుడు అక్క తమ్ముడి 5ని తన మూడుసార్లు గుణించింది: 125. 11తో భాగిస్తే శేషం 4. తమ్ముడు అక్క 8ని తన నాలుగుసార్లు గుణించాడు: 4096. 11తో భాగిస్తే శేషం 4. ఇద్దరి దగ్గరా 4 వుంది. ఆ 4 ఎవరి నోటా రాలేదు. పెత్తందారు 2, 11, 8, 5 అన్నీ విన్నాడు.

చిన్న అంకెలు గనక అతను వేళ్ల మీద లెక్కేసి పట్టుకోగలడు. నిజంగా వాడేటప్పుడు 11 స్థానంలో ఆరువందల పైచిలుకు అంకెలున్న ప్రధాన సంఖ్య వుంటుంది. అప్పుడు గుణించడం కంప్యూటరుకి క్షణం పని. వెనక్కి లాగి ఆ 3నీ 4నీ పట్టుకోవడం మాత్రం ఇవాళున్న కంప్యూటర్లన్నీ కలిసినా అయ్యే పని కాదు. దీన్ని 1976లో విట్‌ఫీల్డ్ డిఫీ, మార్టిన్ హెల్‌మన్ ప్రకటించారు. ఎనిమిదో తరగతి శేషాల లెక్క వచ్చినవాడికి ఇది అర్థమవుతుంది. మా పిల్లకి పది నిమిషాల్లో అర్థమయింది. మరి "మీకెందుకురా లెక్కలు" అన్నోడికి దీన్ని ఎవరు చెప్పాలి?

ఈ శాస్త్రానికి ఒక నీతి వుంది. అది మనకి బాగా తెలిసిన నీతి. 1883లో ఆగస్టు కెర్క్‌హాఫ్స్ అనే ఆయన రాశాడు: పద్ధతి మొత్తం శత్రువు చేతిలో పడినా నష్టం వుండకూడదు, తాళంచెవి ఒక్కటే దాచుకోవాలి. అంటే విద్యని దాచి బలం తెచ్చుకోకూడదు. విద్య అందరి ముందూ పెట్టి, అందరూ కొట్టి చూశాక కూడా నిలబడితేనే అది గట్టిది. చెవుల్లో సీసం పోసి కాపాడుకున్న విద్యలు మనకి తెలుసు. ఈ శాస్త్రం లెక్కన అట్లాంటి విద్యని నమ్మడానికే లేదు.

ఉదాహరణ చూడండి. సైక్ అనే పద్ధతి మీద అమెరికా ప్రమాణాల సంస్థ నిస్ట్ పెట్టిన పోటీలో ఏళ్ల తరబడి పరీక్ష జరిగింది. 2022లో నాలుగో దశ దాకా వచ్చింది. అదే యేడు బెల్జియంలో ఇద్దరు గణితశాస్త్రజ్ఞులు, కాస్ట్రిక్, డెక్రూ, ఒక మామూలు కంప్యూటరు మీద సుమారు గంటలో దాన్ని పగలగొట్టారు. పగలగొట్టిన ఆయుధం 1997నాటి ఒక గణిత సిద్ధాంతం. పరువు పోయిందని ఎవరూ కొట్టుకోలేదు. తయారుచేసినవాళ్లే ఒప్పుకున్నారు. ఇట్లా తప్పు ఒప్పుకునే అలవాటు మన వూరి పెద్దమనుషులకి ఎప్పుడు వస్తుందో.

సరే, దారి ఏది?

మొదట మోటారుసైకిలు మనిషి మాట. బ్రాంచి పేరులో సైబర్ సెక్యూరిటీ అని వుంటే లోపల క్రిప్టోగ్రఫీ వుంటుందనుకోవద్దు. సిలబస్ కాగితం అడగండి. చాలాచోట్ల నాలుగేళ్లలో ఒకే ఒక్క పేపరు వుంటుంది. అమీర్‌పేట కోర్సు సంగతీ అంతే. అది వేరే పని. ఉన్న తాళాలు సరిగా పడ్డాయా లేదా చూసే పని. తప్పు పని కాదు, కూడు పెట్టొచ్చు కూడా. కానీ తాళం చేసే పని అది నేర్పదు. మూడు నెలల్లో ఎవరూ నేర్పలేరు.

మరి తాళాలు చేసినోళ్లు ఏం చదివారు? డిఫీ డిగ్రీ లెక్కల్లో. హెల్‌మన్ ఎలక్ట్రికల్ ఇంజనీరు. 1977లో ఆర్‌ఎస్‌ఏ పద్ధతి కనిపెట్టిన రివెస్ట్, షమీర్, ఏడిల్‌మన్ ముగ్గురూ మొదటి డిగ్రీ లెక్కల్లో చేసి తర్వాత కంప్యూటర్ సైన్సులో పీహెచ్‌డీకి వెళ్లారు. అంతకు నాలుగేళ్ల ముందే, 1973లో, దాదాపు అదే పద్ధతిని బ్రిటిష్ గూఢచారి సంస్థలో కనిపెట్టిన క్లిఫర్డ్ కాక్స్ లెక్కలు చదివినవాడు. అది 1997 దాకా లోకానికి తెలియనివ్వలేదు. ఇవాళ ప్రపంచమంతా వాడుతున్న ఏఈఎస్ చేసిన డామెన్, రైమెన్ ఇంజనీర్లు. మన దేశంలో 2002లో, ఒక సంఖ్య ప్రధాన సంఖ్యా కాదా అని తొందరగా, కచ్చితంగా తేల్చే పద్ధతి చూపిన మణీంద్ర అగ్రవాల్, నీరజ్ కయాల్, నితిన్ సక్సేనా ఐఐటీ కాన్పూర్ కంప్యూటర్ సైన్సువాళ్లు. ఆ ఇద్దరు కుర్రాళ్లు అప్పుడే బీటెక్ ముగించినవాళ్లు.

అంటే బీటెక్ తప్పు కాదు, బీయస్సీ తప్పు కాదు. ఏ గుమ్మంలోంచి పోయినా లోపల నేర్చుకోవాల్సింది ఒకటే: సంఖ్యాశాస్త్రం, లీనియర్ ఆల్జీబ్రా, గ్రూపులూ ఫీల్డులూ వుండే అమూర్త బీజగణితం, సంభావ్యత, ఆల్గారిథమ్స్, సీ భాషలో చెయ్యి తిరగడం. లెక్కలు చదివినవాడు కోడు నేర్చుకోవాలి. కోడు చదివినవాడు లెక్కలు నేర్చుకోవాలి. రెండోది కష్టం. అందుకే వయసులో వుండగా లెక్కలు ముందు పట్టమంటాను.

లెక్కలు చదివితే ఏమొస్తుందనే మాట కొత్తది కాదు. జి.హెచ్. హార్డీ అంతటివాడు 1940లో సంఖ్యాశాస్త్రానికి యుద్ధంలో ఉపయోగమేదీ కనపడలేదని సంతోషంగా రాసుకున్నాడు. నలభయ్యేళ్లు తిరక్కుండానే అదే సంఖ్యాశాస్త్రం సైన్యాలకీ బ్యాంకులకీ తాళమైంది.

గుమ్మాలు ఎక్కడున్నాయో చెప్తాను. కలకత్తాలో ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్ వుంది. 1931లో మహలనోబిస్ పెట్టింది. బీస్టాట్ అక్కడా, బీమ్యాథ్ బెంగుళూరు శాఖలోనూ చెప్తారు. దాని ప్రవేశపరీక్ష వేరు, ఎంసెట్టూ జేఈఈలతో సంబంధం లేదు. ట్యూషన్ ఫీజు లేకుండా, నెలనెలా స్టైపెండు ఇచ్చి చదివిస్తూ వచ్చారు. ఎస్సీ, ఎస్టీ రిజర్వేషను వుంది. ఆ యేటి ప్రాస్పెక్టసు చూసి అప్లికేషన్ పెట్టాలి. అక్కడే క్రిప్టాలజీ అండ్ సెక్యూరిటీలో ఎంటెక్ వుంది. ఇంజనీరింగువాళ్లూ, లెక్కల్లో ఎమ్మెస్సీవాళ్లూ ఇద్దరూ రాయొచ్చు. సి.ఆర్. రావు ఆంధ్రా యూనివర్సిటీలో లెక్కల్లో ఎంఏ చేసి, వుద్యోగం వెతుక్కుంటూ కలకత్తా పోయి 1941లో చేరింది ఆ సంస్థలోనే. ఆయన 1940లలో ఇచ్చిన ఆర్థోగనల్ అరేలు ఇవాళ క్రిప్టోగ్రఫీలో కూడా పనికొస్తున్నాయి.

హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో ఇంటర్ తర్వాత నేరుగా చేరే ఇంటిగ్రేటెడ్ ఎమ్మెస్సీ లెక్కల్లో వుంది. మామూలు డిగ్రీ కాలేజీలో బీయస్సీ చేసినవాడు జామ్ పరీక్ష రాసి ఐఐటీల్లో ఎమ్మెస్సీకి పోవచ్చు. బీటెక్ చేసినవాడు గేట్ రాసి ఎంటెక్‌కి పోవచ్చు. గేట్‌లో లెక్కల పేపరు కూడా వుంది. తర్వాత పీహెచ్‌డీకి ఎస్సీ విద్యార్థుల జాతీయ ఫెలోషిప్ వుంది. డీఆర్‌డీఓ, బ్యాంకులు, చిప్పులు చేసే కంపెనీలు, ఫోన్ కంపెనీలు, యూనివర్సిటీలు, పనిచేసే చోట్లు ఇవి.

ఇప్పుడే ఎందుకు చెప్తున్నానంటే పాత తాళాలన్నీ మార్చే కాలం వచ్చింది. పెద్ద క్వాంటం కంప్యూటరు వస్తే ఆర్‌ఎస్‌ఏ, పైన చెప్పిన రచ్చబండ లెక్క రెండూ విరిగిపోతాయని పీటర్ షోర్ 1994లోనే చూపాడు. 2024 ఆగస్టులో నిస్ట్ మూడు కొత్త ప్రమాణాలు విడుదల చేసింది. అందులో రెండు లాటిస్ అనే లెక్కల మీద నిలబడ్డవి. మన కేంద్ర ప్రభుత్వం 2023 ఏప్రిల్లో 6,003 కోట్ల పైచిలుకుతో నేషనల్ క్వాంటం మిషన్ మంజూరు చేసింది. అమరావతిలో క్వాంటం వ్యాలీ అని 2025 నుంచి వింటున్నాం. ఆ బిల్డింగులకి ఇటుకలు మోసేది ఎవరో మనకి తెలుసు. లోపల కుర్చీలో కూచునేవాళ్లలో మన పిల్లలుండాలంటే, వాళ్లు ఇప్పుడు ఇంటర్ చదువుతుండాలి.

ఇదంతా మా పిల్లకి చెప్పి, "బీస్టాటో, బీయస్సీనో పట్టు. ఎమ్మెస్సీ, పీహెచ్‌డీ, ఎనిమిదేళ్లు కళ్లు మూసుకుని చదువు" అన్నాను.

అది చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత అంది: "మావయ్యా, నువ్వు చెప్పేది మగపిల్లోడి దారి. ఎనిమిదేళ్లు మా నాన్న నన్ను ఇంట్లో పెళ్లి మాటెత్తకుండా వుంచుతాడా? మూడో యేడు అప్పులోడు గుమ్మంలో కూచుంటే అమ్మ ఏం చెప్పాలి? నాలుగో యేడు ఆగిపోతే నా చేతిలో ఏం కాగితం వుంటుంది?"

నాకు సిగ్గేసింది. నలభయ్యేళ్ల కిందట మా నాయన నిలబడ్డాడు గనక నేను చదివాను. నిలబడలేని నాయనల సంగతి అప్పుడే రాసుకున్నాను, మళ్లీ మర్చిపోయాను.

అందుకని ఇద్దరం కూచుని మళ్లీ లెక్కేశాం. దారి ఎంత పొడుగైనా ఫరవాలేదు, మెట్టుమెట్టుకీ దిగడానికి వీలుండాలి. ఐఎస్‌ఐ పరీక్ష రాయాలి. సీటొస్తే స్టైపెండు వుంటుంది, పోవాలి. రాకపోతే ప్రభుత్వ యూనివర్సిటీ కాలేజీలో కంప్యూటర్ సైన్స్ బీటెక్, ఒరిజినల్స్ ఏజెంటు చేతిలో పెట్టకుండా కౌన్సెలింగులో. నాలుగేళ్లకి దిగినా వుద్యోగం దొరికే కాగితం వుంటుంది. ఆ నాలుగేళ్లూ ఎన్‌పీటీఈఎల్ పాఠాలు వుచితంగా వింటూ లెక్కల్ని వదలకూడదు. తర్వాత గేట్ రాసి ఎంటెక్. అక్కడా స్టైపెండే. పీహెచ్‌డీ అనేది ఆ మెట్టు మీద నిలబడి ఆలోచించుకునే మాట. ఇది నేను చెప్పిన దారి కాదు, అది దిద్దిన దారి. నాకు మంచిదనిపించింది.

మెట్లు వున్నంత మాత్రాన సరిపోదు. 2024లో ముజఫర్‌నగర్ జిల్లా కూలీ ఇంటి దళిత కుర్రాడికి ధన్‌బాద్ ఐఐటీలో సీటొచ్చింది. 17,500 రూపాయలు కట్టాలి. ఆ డబ్బు పోగయ్యేసరికి గడువు నిమిషాల్లో దాటిపోయింది. సుప్రీంకోర్టు దాకా పోతే సెప్టెంబరు 30న సీటు ఇమ్మని తీర్పొచ్చింది. కోర్టుకి పోలేనివాళ్ల సీట్లు ఎన్ని పోయాయో ఎవరు లెక్కగట్టారు? రోహిత్ వేముల 2016 జనవరిలో రాసిపోయిన చివరి ఉత్తరంలో ఏడు నెలల ఫెలోషిప్పు బాకీ సంగతి కూడా వుంది. చావుకి ముందు మనిషి రాసుకున్న లెక్క అది. ఫెలోషిప్పు ఇచ్చామని చెప్పుకునే సర్కారు నెలనెలా ఇస్తుందా లేదా అడగడం మన పని.

రాల్ఫ్ మెర్కిల్ అనే అమెరికా కుర్రాడి కథ కూడా చెప్పాలి. 1974లో బర్కిలీలో చదువుతూ, బహిరంగంగా రహస్యం కుదుర్చుకునే ఆలోచనని క్లాసు ప్రాజెక్టుగా ఇచ్చాడు. ప్రొఫెసరు వద్దన్నాడు. అతను ఆ కోర్సు మానేసి పని మాత్రం మానలేదు. తర్వాత స్టాన్‌ఫర్డ్‌లో హెల్‌మన్ దగ్గర చేరాడు. ఈ శాస్త్రానికి ఆద్యుల్లో ఇవాళ అతని పేరుంది. తండ్రి శాస్త్రవేత్త, వెళ్లడానికి రెండో తలుపుంది. మన పిల్లల్ని ఒక లెక్చరరు వద్దంటే రెండో తలుపు ఎక్కడుంది? ఆ తలుపు మనమే పెట్టాలి.

అన్నలారా, అక్కలారా, నేనడిగేవి మూడే. ఒకటి, ప్రతి మండలంలో అంబేద్కర్ భవన్‌లో ఆదివారం లెక్కల క్లాసు. రిటైరైన లెక్కల మాస్టర్లు మనలో చాలామందిమి వున్నాం, విగ్రహానికి దండలేసి ఇంటికిపోతే సరిపోదు. రెండు, ఆఖరితేదీ నిధి. సీటొచ్చిన పిల్లకి గడువులోగా కట్టడానికి ఇరవై, ముప్పై వేలు ఎప్పుడూ చేతిలో వుండాలి. స్కాలర్‌షిప్పు వచ్చాక తిరిగి నిధిలో వెయ్యాలి. వుద్యోగాలు చేస్తున్న మనోళ్లు నెలకి రెండొందలు వేస్తే మండలానికి ఆ డబ్బు పుడుతుంది. మూడు, ఆడపిల్ల తండ్రితో మాట్లాడటం. ఇది అన్నిటికంటే కష్టం. మా బావతో నేను మూడుసార్లు మాట్లాడాను. మూడోసారి "నాలుగేళ్లు ఆగుతాలే" అన్నాడు. నాలుగేళ్ల తర్వాత మళ్లీ మాట్లాడతాను.

మోటారుసైకిలు మనిషి మొన్న మళ్లీ వచ్చాడు. మా పిల్ల గుమ్మంలో నిలబడి సిలబస్ కాగితం చూపించమంది. తెస్తానని పోయినవాడు ఇంకా తేలేదు.

మా ఆదివారం క్లాసు వచ్చే పక్షం మొదలవుతుంది. తొమ్మిదిమంది పిల్లలు పేర్లిచ్చారు. అందులో అయిదుగురు ఆడపిల్లలు. మొదటి పాఠం శేషాలు.

జై భీమ్.